అంబాసిడర్ చుట్టం, హెరాల్డ్ చుట్టం - రెండు స్పోర్ట్స్ కార్ల కథ

మన ఉద్యోగకాలంలో రోడ్డు మీద తిరిగిన కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆఫీసరు గారికి అంబాసిడర్, డాక్టరు గారికి ఫియట్, ఊరికి ఒకరిద్దరికి స్టాండర్డ్ హెరాల్డ్. జీపుల సంగతి వేరు. వీటిలో అంబాసిడర్‌కూ, హెరాల్డ్‌కూ ఇంగ్లండులో దగ్గరి చుట్టాలు ఉండేవి. రెండూ స్పోర్ట్స్ కార్లే. ఒకదాని పేరు ఎమ్.జి.బి., రెండోదాని పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. రెండూ 1962 శరదృతువులో కొద్ది వారాల తేడాతో బజారులోకి వచ్చాయి, రెండూ 1980లో కొద్ది వారాల తేడాతో ఆగిపోయాయి. మధ్యలో పద్దెనిమిదేళ్లు ఒకదానికొకటి ఎదురెదురుగా అమ్ముడుపోయాయి. వీటిలో ఏది మేలైనదనే వాదన పాత కార్ల అభిమానుల మధ్య నేటికీ తెగలేదు.

ఇంట్లో ఆడవారు, పిల్లలు కూడా ఈ సంచిక చదువుతారు కనుక స్పోర్ట్స్ కారు అంటే ఏమిటో ముందు ఒక ముక్కలో చెప్పుకుందాం. రేసు కారు వేరు, స్పోర్ట్స్ కారు వేరు. స్పోర్ట్స్ కారు మామూలు రోడ్డు మీద, మామూలు నెంబరు ప్లేటుతో తిరిగేదే. కానీ అందులో ఇద్దరే కూర్చోగలరు. ఎత్తు తక్కువ, బరువు తక్కువ, పైన గుడ్డ టాపు మడిచి వెనక్కి వేసుకోవచ్చు. సామాను, సంసారం అందులో పట్టవు. నడపడంలో ఉన్న సరదా కోసమే కొనుక్కునే బండి అది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండు ఇటువంటి కార్లను వేలు, లక్షల సంఖ్యలో చేసి ఎక్కువ భాగం అమెరికాకు పంపి డాలర్లు సంపాదించింది.

ఈ పోలికకు ఒక అభ్యంతరం ఉంది. అది న్యాయమైనదే. ఎమ్.జి.బి.కి సమ ఉజ్జీ అదే ట్రయంఫ్ వారి టి.ఆర్.4 అనీ, స్పిట్‌ఫైర్‌కు సమ ఉజ్జీ ఎమ్.జి. వారి చిన్న కారు మిడ్జెట్ అనీ తెలిసినవారు అంటారు. ఇంజను సైజు చూసినా, ధర చూసినా అదే సరైన జోడీ. అయినా ఈ రెండింటినే తీసుకోవడానికి కారణం, వీటి రక్తం మన రోడ్ల మీద ప్రవహించింది. అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసినవారికి, హెరాల్డ్ కింద దూరి పని చేసినవారికి ఈ రెండు కార్ల లోగుట్టు సగం తెలిసినట్టే.

ముందుగా అంబాసిడర్ వైపు కథ. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 అనే కారును హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1957-58 ప్రాంతంలో అంబాసిడర్ పేరుతో చేయడం మొదలుపెట్టారు. తొలి బళ్లకు పాతకాలపు సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో ఓవర్‌హెడ్ వాల్వు ఉన్న 1489 సి.సి. ఇంజను వచ్చింది. ఆ ఇంజను కుటుంబానికి ఇంగ్లండులో బి-సీరీస్ అని పేరు. మన దేశంలో మంత్రుల్ని, కలెక్టర్లను, పెళ్లికూతుళ్లను మోసిన ఇంజను ఇదే.

ఇదే 1489 సి.సి. ఇంజనుకు రెండు కార్బొరేటర్లు తగిలించి, కొంచెం పదును పెట్టి, 1955లో ఎమ్.జి.ఎ. అనే అందమైన స్పోర్ట్స్ కారులో పెట్టారు. 68 హార్స్ పవర్ వచ్చింది, తరువాత 72కు పెరిగింది. ఆ ఎమ్.జి.ఎ.కు వారసుడే మన కథలోని ఎమ్.జి.బి. దీనికి ఇంజనును 1798 సి.సి.కి పెంచారు. ఎలా పెంచారన్నది వర్కుషాపు మనుషులకు ఆసక్తి కలిగించే విషయం. పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరాన్ని, అంటే స్ట్రోకును, ముట్టుకోలేదు. అంబాసిడర్‌లో ఎంతో ఎమ్.జి.బి.లోనూ అంతే, 88.9 మిల్లీమీటర్లు, పాత లెక్కలో సరిగ్గా మూడున్నర అంగుళాలు. సిలిండర్ వెడల్పును మాత్రం, అంటే బోరును, 73 నుంచి 80.26 మిల్లీమీటర్లకు పెంచారు. క్రాంకు షాఫ్టు మొదట మూడు బేరింగుల మీదే తిరిగింది. 1964 చివరలో అయిదు బేరింగులు చేశారు. ఇంజను శబ్దం తగ్గి, ఆయుష్షు పెరిగింది. ఆ మార్పు ఎమ్.జి.బి.కి జరిగిన మంచి మార్పుల్లో మొదటిది అని నా అభిప్రాయం.

ఎమ్.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ గారి గ్యారేజీ నుంచి పుట్టిన పేరు. అక్కడ మేనేజరుగా ఉన్న సెసిల్ కింబర్ మోరిస్ కార్లను మార్చి స్పోర్ట్స్ కార్లుగా చేసి అమ్మడంతో ఈ సంస్థ మొదలైంది. 1929 నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో, అంతకుముందు తోలు కర్మాగారంగా ఉన్న చోట, వీరి ఫ్యాక్టరీ నడిచింది. పెద్ద యంత్రాలేవీ లేవక్కడ. ఇంజను ఒక ఊరి నుంచి, బాడీ మరొక ఊరి నుంచి వచ్చేవి. అబింగ్డన్ వారి పని బిగింపు పనే. తండ్రి తరువాత కొడుకు అదే షెడ్డులో పనికి చేరిన కుటుంబాలు అక్కడ ఉండేవి. మన సంఘ సభ్యులకు ఇది వింతగా తోచదు. ఎమ్.జి.బి. రూపకల్పనలో సిడ్ ఎనెవర్ పెద్ద, బాడీ గీతలు డాన్ హేటర్‌వి. విడిగా ఛాసిస్ లేకుండా, బాడీనే బలమైన పెట్టెలా ఒకే ముక్కగా కట్టడం వారు చేసిన గట్టి నిర్ణయం. ఎమ్.జి.ఎ.కు ఛాసిస్ విడిగా ఉండేది. అది తీసేయడంతో కారు పొడవు తగ్గినా లోపల కాళ్లు చాపుకునే చోటు పెరిగింది.

ఇక హెరాల్డ్ వైపు కథ ఇంతకంటే చిత్రంగా ఉంటుంది.

కవెంట్రీలోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు ఒత్తి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థను 1953లో ప్రత్యర్థి కంపెనీ బి.ఎమ్.సి. కొనేసింది. బి.ఎమ్.సి. అంటే మోరిస్, ఆస్టిన్, ఎమ్.జి.లను కలిపిన సంస్థే. కొత్త మోడలుకు బాడీ చేయించుకోవడానికి స్టాండర్డ్ వారికి చోటు లేకుండా పోయింది. గత్యంతరం లేక, కాలం వెనక్కి వెళ్లి, కింద విడి ఛాసిస్ పెట్టి, దాని మీద బాడీని అయిదారు ముక్కలుగా బోల్టులతో బిగించేలా కొత్త కారు గీశారు. ముక్కలు చిన్నవి కనుక చిన్న చిన్న వర్కుషాపుల్లో చేయించుకోవచ్చు. అదే 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. గీతలు గీసింది ఇటలీవాడు జొవాని మికెలొట్టి. ముక్కలుగా ఉండటం వల్లనే దాన్ని వేరే దేశాలకు పంపి బిగించుకోవడం సులువైంది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు 1961లో ఆ పని మొదలుపెట్టారు. అలా ఇంగ్లండులో ఒక కంపెనీకి వచ్చిన ఇబ్బంది పుణ్యాన మన నెల్లూరుకీ, బెజవాడకూ హెరాల్డ్ వచ్చింది.

హెరాల్డ్ నడిపినవారికి రెండు విషయాలు జ్ఞాపకం ఉంటాయి. ఒకటి, బానెట్, మడ్‌గార్డులు, దీపాలు మొత్తం ముందు భాగం అంతా ఒక్క ముక్కగా ముందుకు తెరుచుకోవడం. మెకానిక్ టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. రెండోది, స్టీరింగు. ఇరవై అయిదు అడుగుల స్థలంలో బండి గిర్రున తిరిగేది. సందుల్లో అంబాసిడర్ రెండుమూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడే చోట హెరాల్డ్ ఒక్కసారిగా తిరిగిపోయేది.

ఆ ఛాసిస్‌నే పొట్టిగా చేసి, పక్క కమ్మీలు తీసేసి, మికెలొట్టి చేతే రెండు సీట్ల బాడీ గీయించారు. దానికి లోపలి పేరు బాంబ్. ఒక నమూనా 1960లో తయారైంది. ఇంతలో కంపెనీ చేతిలో డబ్బు అయిపోయింది. నమూనా మీద గుడ్డ కప్పి ఒక మూల నెట్టేశారు. 1961లో లారీలు చేసే లేలాండ్ కంపెనీ స్టాండర్డ్-ట్రయంఫ్‌ను కొనుక్కుంది. లేలాండ్ తరఫున వచ్చిన స్టాన్లీ మార్క్‌లాండ్ ఫ్యాక్టరీ చూస్తూ తిరుగుతూ, మూలన గుడ్డ కప్పి ఉన్నదేమిటని తీయించాడు. చూసినవెంటనే నచ్చింది. ఆ ఏడే తయారీకి అనుమతి ఇచ్చారు. యుద్ధంలో పేరు పొందిన విమానం పేరు పెట్టి స్పిట్‌ఫైర్ అన్నారు. ఆ గుడ్డ ఎవరూ తీయకపోతే మూడు లక్షల పైచిలుకు కార్లు ఉండేవి కావు.

ఇంజను విషయంలో ఇక్కడా అదే తంతు జరిగింది. 1953 నాటి స్టాండర్డ్ ఎయిట్‌లో 803 సి.సి.తో పుట్టిన ఇంజను అది. మన హెరాల్డ్‌లో 948 సి.సి. స్పిట్‌ఫైర్‌లో 1147 సి.సి. మూడింటికీ స్ట్రోకు ఒక్కటే, 76 మిల్లీమీటర్లు. బోరు మాత్రం 58 నుంచి 63కు, 63 నుంచి 69.3కు పెరిగింది. క్రాంకు షాఫ్టును మార్చాలంటే యంత్రాలు మార్చాలి, ఖర్చు ఎక్కువ. బోరు పెంచడం చవక. అటు బి.ఎమ్.సి. ఇంజనీర్లు, ఇటు ట్రయంఫ్ ఇంజనీర్లు ఒకరినొకరు చూడకుండానే ఒకే దారి పట్టారు.

ఇప్పుడు తక్కెడలో వేద్దాం. తొలి సంవత్సరపు కార్లనే తీసుకుంటున్నాను, ఎందుకంటే తరువాత వచ్చిన మార్పులు లెక్కను తికమక చేస్తాయి. ఎమ్.జి.బి.కి 95 హార్స్ పవర్, స్పిట్‌ఫైర్‌కు 63. ఎమ్.జి.బి. బరువు సుమారు 920 కిలోలు, స్పిట్‌ఫైర్ సుమారు 710 కిలోలు. ఎమ్.జి.బి. గంటకు 165 కిలోమీటర్ల పైన వెళ్లేది, స్పిట్‌ఫైర్ 148 దగ్గర ఆగిపోయేది. నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్ల వేగం, అంటే 97 కిలోమీటర్లు, అందుకోవడానికి ఎమ్.జి.బి.కి సుమారు 12 సెకన్లు, స్పిట్‌ఫైర్‌కు 17 సెకన్ల పైన పట్టింది. నేటి మామూలు చిన్న కారు కూడా వీటిని దాటిపోతుందని మనవలు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. 1962లో ఇంగ్లండు రోడ్ల మీద సాధారణ కుటుంబం నడిపే కారుకు పావు నిమిషంలో ఆ వేగం అందుకోవడమే గగనం.

ఇంతవరకు చూస్తే ఎమ్.జి.బి. గెలిచినట్టే. కానీ ధర చూడాలి. పన్నులు కాకుండా ఎమ్.జి.బి. 690 పౌండ్లు, స్పిట్‌ఫైర్ 530 పౌండ్లు. 160 పౌండ్ల తేడా, అంటే నూటికి ముప్ఫై ఎక్కువ. జీతం మీద బతికే కుర్రవాడికి అది చిన్న మొత్తం కాదు. పైగా ఇంజను సైజుతో భాగించి చూస్తే లీటరుకు ఎమ్.జి.బి. ఇంజను ఇచ్చినది 53 హార్స్ పవర్, స్పిట్‌ఫైర్ ఇంజను ఇచ్చినది 55. చిన్న ఇంజనే ఎక్కువ చెమటోడ్చిందన్నమాట. పెట్రోలు కూడా స్పిట్‌ఫైర్ లీటరుకు 11 కిలోమీటర్ల వరకు ఇచ్చేది, ఎమ్.జి.బి. ఎనిమిది, తొమ్మిది మధ్య తిరిగేది. మలుపు తిరగడంలో స్పిట్‌ఫైర్‌కు 24 అడుగులు చాలు, ఎమ్.జి.బి.కి 32 అడుగులు కావాలి. హెరాల్డ్ వంశగుణం ఎక్కడికి పోతుంది!

కాగితం మీద కనిపించనిది ఒకటుంది, వెనుక చక్రాల అమరిక. ఎమ్.జి.బి. వెనుక అంబాసిడర్‌లో లాగే ఒకే గట్టి యాక్సిల్, రెండు వైపులా పొడుగు కమాన్ కట్టలు. ఎత్తుపల్లాల్లో కాస్త ఎగిరేది కానీ, మలుపులో ఏం చేస్తుందో డ్రైవరుకు ముందే తెలుస్తుంది. స్పిట్‌ఫైర్‌కు హెరాల్డ్‌లో లాగే రెండు చక్రాలకూ విడివిడి సగం యాక్సిళ్లు, వాటి మీద అడ్డంగా ఒకే కమాన్ కట్ట. మామూలుగా వెళ్లేటప్పుడు ఇది మెత్తగా ఉంటుంది. కానీ వేగంగా మలుపు తిరుగుతూ, భయపడి కాలు ఆక్సిలేటర్ మీద నుంచి తీసేస్తే వెనుక భాగం పైకి లేచి, బయటివైపు చక్రం కిందికి మడుచుకుపోయి బండి చెయ్యి జారిపోయేది. కొత్తవారిని ఈ గుణం చాలా ఇబ్బంది పెట్టింది. ఇంత చవకగా ఇంత అందమైన కారు ఇచ్చినా ఆ ఒక్క లోపాన్ని ఎనిమిదేళ్లు అలాగే వదిలేయడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. 1970లో వచ్చిన మార్క్ 4లో గానీ ఆ కమాన్ కట్టను నడుమ ఊగేలా మార్చి దాన్ని అదుపు చేయలేదు. మద్రాసు వారు ఇంకో దారి పట్టారు. 1972లో హెరాల్డ్ స్థానంలో తెచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కు విడి సగం యాక్సిళ్లు మానేసి, ఒకే గట్టి యాక్సిల్ వేశారు.

గేర్ల విషయంలో రెండూ ఒకటే బాపతు. తొలిరోజుల్లో రెండింటికీ ఫస్టు గేరు బండి నిలబడితే గాని సాఫీగా పడేది కాదు. రెండింటికీ ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ములు. రెండింటికీ తలుపు అద్దాలు హ్యాండిలు తిప్పితే దిగేవి. ఇందులో చెప్పేదేముంది అనకండి. అంతకుముందు ఈ తరగతి కార్లకు అద్దాలే ఉండేవి కావు, వాన వస్తే సెల్యులాయిడ్ తెరలు తగిలించుకోవాలి.

రెండూ ఒకే పందెంలో పరుగెత్తిన సందర్భం కూడా ఉంది. ఫ్రాన్సులో లె మాన్ అనే ఊళ్లో ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. రాత్రీ పగలూ ఆగకుండా డ్రైవర్లు వంతులవారీగా నడపాలి. 1965 జూన్ రేసులో ఎమ్.జి.బి. 11వ స్థానంలో, రెండు స్పిట్‌ఫైర్లు 13, 14 స్థానాల్లో నిలిచాయి. సగం పైగా కార్లు మధ్యలోనే చెడి ఆగిపోయిన రేసు అది. ఆ స్పిట్‌ఫైర్లకు గట్టి పైకప్పు వేసి, ఇంజను బాగా పెంచారు గనుక బజారులో కొన్నవాటితో సమానం కాదు. అయినా 1150 సి.సి. లోపు తరగతిలో మొదటి రెండు స్థానాలూ వాటివే. ఎమ్.జి.బి.ని నడిపిన ఇద్దరిలో ఒకరు పాడీ హాప్‌కిర్క్. అంతకు ముందటి సంవత్సరం మాంటే కార్లో ర్యాలీలో మినీ కారుతో గెలిచిన మనిషి.

1966లో జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ కొండదారుల మీద 84 గంటలు, అంటే మూడున్నర రోజులు, ఆగకుండా తిరిగే పోటీలో ఎమ్.జి.బి.యే మొత్తం మీద మొదటిది. వేగంలో దాన్ని మించిన బళ్లు చాలా ఉన్నాయి. మూడున్నర రోజులు చెడకుండా తిరగడం మాత్రం అంబాసిడర్ వంశపు ఇంజనుకు తెలిసిన విద్య. దీన్ని నేను కార్లో అయిదారు సెకన్ల తేడా కంటే పెద్ద గుణంగా లెక్కవేస్తాను.

1968లో జరిగిన సంగతితో ఈ పోటీ అర్థమే మారిపోయింది. ఆ ఏడు లేలాండ్, బి.ఎమ్.సి. వారసుడైన బ్రిటిష్ మోటార్ హోల్డింగ్స్ కలిసి బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే మహా సంస్థ అయ్యాయి. నిన్నటిదాకా బద్ధశత్రువులైన ఎమ్.జి., ట్రయంఫ్ ఒకే ఇంటి కోడళ్లయ్యారు. అయితే అత్తగారు ట్రయంఫ్ వైపు మనిషి. పైన కూర్చున్నవారిలో లేలాండ్ నుంచి వచ్చినవారే ఎక్కువ, ట్రయంఫ్ వారి పాత మనిషి. కొత్త స్పోర్ట్స్ కారు చేయాలనుకున్నప్పుడు 1975లో టి.ఆర్.7 పేరుతో ట్రయంఫ్‌కే ఇచ్చారు. ఎమ్.జి.బి.కి కొత్త బాడీ గాని, కొత్త ఇంజను గాని పెట్టలేదు. 1973లో రోవర్ వారి 3528 సి.సి. వి8 ఇంజను పెట్టి ఒక ఎమ్.జి.బి. జి.టి. తెచ్చారు, చాలా మంచి బండి. కొద్ది వేలు కూడా చేయకుండా 1976లో ఆపేశారు.

ఇదే కాలంలో అమెరికా ప్రభుత్వపు పొగ నిబంధనలు, ఢీకొన్నప్పుడు రక్షణ నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. 1974 చివరలో ఎమ్.జి.బి. ముందూ వెనుకా మెరిసే క్రోమియం బంపర్లు పోయి, నల్లని పెద్ద రబ్బరు బంపర్లు వచ్చాయి. బంపరు ఇంత ఎత్తులో ఉండాలని రూలు కనుక, కారు మొత్తాన్ని ఒకటిన్నర అంగుళం పైకి లేపారు. దాంతో మలుపుల్లో ఊగడం మొదలైంది. అమెరికాకు పంపేవాటికి రెండు కార్బొరేటర్ల బదులు ఒకటే పెట్టడంతో 95 హార్స్ పవర్ 62కు పడిపోయింది. అంటే 1962 నాటి చిన్న స్పిట్‌ఫైర్ కంటే ఒక హార్స్ పవర్ తక్కువ! కొలిచే పద్ధతి మధ్యలో మారిందన్నది నిజమే. ఆ మేరకు కొంత తగ్గించి చూసినా దిగజారుడు దిగజారుడే.

స్పిట్‌ఫైర్ ఈలోగా పెరుగుతూ వచ్చింది. 1967లో 1296 సి.సి., 1974 చివరికల్లా 1493 సి.సి. ఈసారి మాత్రం స్ట్రోకును 87.5 మిల్లీమీటర్లకు పొడిగించక తప్పలేదు. ఇంగ్లండులో అమ్మిన చివరి స్పిట్‌ఫైర్ 71 హార్స్ పవర్‌తో గంటకు 160 కిలోమీటర్లు అందుకునేది, 60 మైళ్లకు 13 సెకన్లు. 1962లో ఉన్న అయిదు సెకన్ల తేడా ఇంచుమించు కరిగిపోయింది. దీనికి మించిన విచిత్రం ఇంకొకటి. ఎమ్.జి. వారి చిన్న కారు మిడ్జెట్‌కు 1974 చివరలో ఆ స్పిట్‌ఫైర్ ఇంజనునే వేశారు. ఎమ్.జి. భక్తులకు అది ఎంత కష్టం కలిగించిందో, తన ఊళ్లో తన పోటీదారుడి ఇంజనును తన చేత్తోనే ఎత్తి కారులో దించిన అబింగ్డన్ కార్మికుడికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1979 సెప్టెంబరులో అబింగ్డన్ ఫ్యాక్టరీ తన యాభై ఏళ్ల పండుగ జరుపుకుంది. ఊరంతా ఊరేగింపులు, బ్యాండు మేళాలు, పాత కార్ల ప్రదర్శనలు. ఆదివారంతో ఉత్సవాలు ముగిశాయి. మర్నాడు, సెప్టెంబరు 10 సోమవారం, అబింగ్డన్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నామని యాజమాన్యం ప్రకటించింది. పౌండు విలువ పెరిగింది, అమెరికాలో అమ్మే ప్రతి కారు మీదా నష్టం వస్తోంది అన్నది వారి లెక్క. ఆ లెక్క సరైనదా, ఖర్చులు ఎవరి పద్దులో రాశారు అని అప్పుడే వాదనలు లేచాయి. లండన్ వీధుల్లో ఎమ్.జి. యజమానులు తమ కార్లతో ఊరేగింపు తీశారు. ఆస్టన్ మార్టిన్ వారితో కూడిన ఒక బృందం ఫ్యాక్టరీని, పేరును కొంటామని ముందుకొచ్చింది, డబ్బు కూడగట్టలేకపోయింది. ఎన్నో ఫ్యాక్టరీల్లో సమ్మెలు నిత్యకృత్యమైన ఆ రోజుల్లో అబింగ్డన్‌కు నెమ్మదిగల పనివారున్న చోటని పేరు. ఆ పేరు వారిని కాపాడలేదు.

కవెంట్రీలో కాన్లీ ఫ్యాక్టరీ గతి కూడా అదే. చివరి స్పిట్‌ఫైర్ 1980 ఆగస్టులో, చివరి ఎమ్.జి.బి. 1980 అక్టోబరులో బయటికి వచ్చాయి. లెక్క చూస్తే ఎమ్.జి.బి.లు, వాటి జి.టి. రూపంతో కలిపి, 5 లక్షల 12 వేలు. స్పిట్‌ఫైర్లు 3 లక్షల 14 వేలు. ట్రయంఫ్‌కు దక్కిన టి.ఆర్.7 సైతం 1981లో ఆగిపోయింది. ఎవరిని గెలిపించాలని ఎవరిని ఎండగట్టారో, చివరికి ఇద్దరూ లేరు. ఇద్దరూ వదిలిన చోటును 1989లో జపాను వారి మజ్దా, ఎమ్.ఎక్స్-5 అనే రెండు సీట్ల కారుతో హాయిగా ఆక్రమించింది.

పేర్లు మాత్రం చేతులు మారుతూ ఉన్నాయి. ఎమ్.జి. అనే పేరు 2005లో చైనాకు చేరింది. 2019 నుంచి గుజరాత్‌లోని హలోల్‌లో తయారై మన ఊళ్లలో తిరుగుతున్న హెక్టర్ కారు మీద ఉన్న ఎనిమిది కోణాల గుర్తు అబింగ్డన్ నాటిదే. లోపల ఇంజనుకూ, ఈ కథకూ సంబంధం లేదు. ట్రయంఫ్ కార్ల పేరు జర్మనీ బి.ఎమ్.డబ్ల్యు. వారి దగ్గర ఉండిపోయింది, దాన్ని వారు వాడటం లేదు. మన కుర్రాళ్లు మోజుపడుతున్న ట్రయంఫ్ మోటారు సైకిళ్లు వేరే కంపెనీ. ఆ రెండూ 1936లోనే విడిపోయాయి. అబ్బాయిలతో వాదన వచ్చినప్పుడు ఈ మాట పనికొస్తుంది.

మరి ఏది మేలైనది? ఎక్కువ దూరం పోవాలన్నా, వాన వస్తే లోపల కూర్చోవాలన్నా, పదేళ్ల తరువాత కూడా ఇంజను మీద నమ్మకం ఉండాలన్నా నేను ఎమ్.జి.బి. వైపే. తొలి పన్నెండేళ్ల కారు, క్రోమియం బంపర్లది, 1964 తరువాతి అయిదు బేరింగులది అయితే మరీ మంచిది. చేతిలో డబ్బు తక్కువ ఉండి, ఆదివారం సొంతంగా స్పానరు పట్టుకునే అలవాటున్నవారికి స్పిట్‌ఫైర్ మంచి తోడు, 1970 తరువాతిది అయితే. ఆ బానెట్ అలా ముందుకు తెరుచుకున్నప్పుడు ఇంజను మొత్తం చుట్టూ తిరిగి చూడగల సౌఖ్యం ఎమ్.జి.బి. ఇవ్వలేదు.

తుప్పు రెండింటికీ శత్రువే. ఎమ్.జి.బి.కి విడి ఛాసిస్ లేదు కనుక తలుపుల కింది పెట్టెల్లాంటి భాగం తుప్పుపడితే కారు నడుమే వంగిపోతుంది. స్పిట్‌ఫైర్‌కు ఛాసిస్ ఉంది గదా అని ధీమా పనికిరాదు. హెరాల్డ్‌కు ఉన్న పక్క కమ్మీలు దీనికి తీసేశారు గనుక దీని బలం కూడా సగం ఆ తలుపుల కింది భాగం మీదే ఆధారపడింది. ఎమ్.జి.బి. అభిమానులకు మాత్రం ఒక అదృష్టం దక్కింది. బాడీ ఒత్తే పాత అచ్చులు పారేయకుండా మిగిలాయి. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ వాటిని బయటికి తీసి, కొత్త ఎమ్.జి.బి. బాడీలు ఒత్తడం మొదలుపెట్టింది. తుప్పుపట్టిన పాత కారులోని ఇంజను, గేర్‌బాక్సు, సీట్లు విప్పి ఆ కొత్త పెట్టెలోకి ఎక్కించుకోవచ్చు. అంబాసిడర్ 2014 మేలో ఉత్తరపారాలో ఆగిపోయింది. స్టాండర్డ్ వారి కార్ల తయారీ 1980ల చివరలోనే ముగిసింది. మన సభ్యుల్లో ఎవరి ఇంటి వెనుక షెడ్డులోనైనా పాత హెరాల్డ్ గాని, పాత ఓవర్‌హెడ్ వాల్వు అంబాసిడర్ గాని ఉంటే, పాత ఇనుముల వాడికి ఇచ్చేముందు ఒకసారి బానెట్ తెరిచి మనవలకు చూపించండి.